వస్తోందండీ, వస్తోంది!

కిందటి దసరాల్లో మా అపార్టుమెంటులోనే రెండో అంతస్తులో పేరంటానికి పిలిచారు. పిలిచినావిడ నాకు వరసకి పిన్ని. "నువ్వేదో వీణ నేర్చుకుంటున్నావుట గదే! పట్టుకురా, అమ్మవారి ముందు ఓ పాట వాయిద్దువుగాని" అంది. నలభై దాటినదాన్ని, నవలలు రాసుకునేదాన్ని, ఆ మాటకి చిన్నపిల్లలా పొంగిపోయాను. వీణని లిఫ్టులో దించటమంటే ఆపరేషనయిన మనిషిని ఆస్పత్రి మార్చటమే. బుర్ర దేనికీ కొట్టుకోకూడదు, యాళి ముఖానికి దెబ్బ తగలకూడదు. మావారొక పక్కా, వాచ్‌మన్ ఒక పక్కా పట్టుకుని మొత్తానికి దించారు.

ముందు మూడో అంతస్తు పిల్ల మలహరి రాగంలో గీతం పాడింది. ఆరేళ్ళుంటాయేమో. రెండుసార్లు తాళం తప్పింది. మధ్యలో ఆగి "తరవాతేమిటమ్మా?" అని వాళ్ళమ్మనడిగింది. అందరూ మురిసిపోయారు. చప్పట్లు, చాక్లెట్లు, నాలుగు సెల్‌ఫోన్లలో వీడియోలు. చివర్న ఒక పెద్దావిడ కృతి పాడారు. ఎన్నో ఏళ్ళు రేడియోలో పాడినావిడ. ఆవిడ గొంతు సవరించుకోగానే పేరంటమంతా చేతులు కట్టుకుని కూచుంది. నిజంగానే అద్భుతంగా పాడారు. శాలువా కప్పి, కాళ్ళకి దణ్ణాలు పెట్టారు.

ఈ ఇద్దరికీ మధ్య నేను. మోహన రాగంలో వర్ణం వాయించాను. నేను ముక్తాయిస్వరం దగ్గరికి వచ్చేసరికి శనగలు పంచటం మొదలయింది. చరణం ఎత్తుకునేసరికి మా పిన్ని నా తలమీదుగా "కాఫీలో పంచదార వద్దన్నదెవరు?" అని కేకేసింది. అయిపోయాక ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, మంచి మనసుతోనే, "పాపం, బాగా కష్టపడుతున్నారండీ. ఇంకా వర్ణాలేనా?" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. శనగల మీద కోపం కాదు. శనగలు బాగానే వున్నాయి. ఆ "ఇంకా" అన్న మాట మీద కోపం. ఆ ఒక్క మాటతోనే నా తగువు. అంతా విని తీర్పు మీరే చెప్పండి.

మన దేశంలో మొదలుపెట్టటానికి పండగ వుంది, పూర్తి చెయ్యటానికి పండగ వుంది. అక్షరాభ్యాసమంటే పళ్ళెంలో బియ్యం పోసి, పలకా బలపం పసుపు రాసి, చుట్టాలందర్నీ పిలిచి, పిల్లాడి వేలు పట్టుకుని దిద్దిస్తాం. చదువంతా అయ్యాక నల్లగౌను వేసుకుని ఫొటో తీయించుకుంటాం. మరి గుణింతాలకి ఎవరు పండగ చేశారు? వత్తులకి ఎవరు అక్షింతలు వేశారు? పిల్లలు నిజంగా ఏడిచేదీ, నిజంగా చదువు వచ్చేదీ అక్కడేనే! ఆ నాలుగేళ్ళూ వాడి దగ్గరికెవరూ పలారాలు పట్టుకు వెళ్ళరు. "ఇంకా రెండో క్లాసేనా?" అంటారు.

పైగా మధ్యలో వున్నవాడికి మన భాష పెట్టిన పేర్లు చూడండి. త్రిశంకుడన్నారు. రెంటికీ చెడ్డ రేవడన్నారు. అరకొర అన్నారు, మిడిమిడి జ్ఞానమన్నారు. గౌరవంగా పిలవటానికి ఒక్క పేరన్నా వుందేమోనని నేను రెండు రోజులు వెతికాను. నవలలు రాసేదాన్ని గనక మాటలు వెతకటం నాకు అలవాటే. దొరకలేదు.

సామెతల సంగతి సరేసరి. నిండుకుండ తొణకదు అంటారు. ఒప్పుకున్నాను. కానీ ఆ సామెత చెప్పినాయన ఒక సంగతి మింగేశాడు. ఖాళీకుండా తొణకదు! తొణికేది నీళ్ళున్న కుండే. ఆయన ఎన్నడూ కుండ మోసినవాడు కాడని నా అనుమానం. బావి నుంచి ఇంటిదాకా బిందె చంకనెత్తుకు వచ్చిన ఏ ఆడదాన్నడిగినా చెబుతుంది, ఆ నిండుకుండ పుట్టుకతో నిండుది కాదని. ఒక్కొక్క చేద పోస్తూ నింపితే నిండింది. మూడు చేదలు పోసిన కుండని చూసి నవ్వటమేమిటి? నాలుగో చేద అందుకోండి!

ఇప్పటి కాలం ఇంకా చిత్రం. ఫోను తెరిస్తే చాలు, పది రోజుల్లో వీణ, ముప్ఫయి రోజుల్లో ఫలానా భాష. మొదటి పాఠం చెప్పేవాళ్ళు వీధికి వందమంది. ఇటు చివర చూస్తే టీవీలో పాటల పోటీలు. ఎనిమిదేళ్ళ పిల్ల తడుముకోకుండా పాడేస్తుంటే జడ్జీలు కళ్ళు తుడుచుకుంటూ వుంటారు. ఆ మొదటి పాఠానికీ ఈ చివరి చప్పట్లకీ మధ్య ఏం జరిగిందో ఎవరూ చూపించరు. చూపిస్తే ఎవరూ చూడరని కాబోలు. అంచేత జనం ఏమనుకుంటారంటే, విద్య అనేది వస్తే గబుక్కున వస్తుంది, రాకపోతే రాదు. మధ్యలో వుండిపోయారంటే వాళ్ళకి తెలివి చాలలేదన్న మాట.

సంగీతం నేర్చుకోని పాఠకుల కోసం నాలుగు మాటలు చెప్పాలి. కర్ణాటక సంగీతంలో మొదటి పాఠాలని 16వ శతాబ్దంలో పురందరదాసుగారు ఏర్పరిచారని చెబుతారు. మాయామాళవగౌళ రాగంలో సరళీస్వరాలు, జంటస్వరాలు, ఏడు తాళాల్లో అలంకారాలు. ఆ తరవాత గీతాలు, స్వరజతి, అప్పుడు వర్ణాలు. వర్ణం దాటితే కృతులు. కృతులు దాటితే రాగాలాపన, కల్పనస్వరాలు, అంటే పుస్తకంలో లేనిదీ, పాడేవాళ్ళ మనసులోంచి రావలసినదీ. కనక వర్ణమనేది సరిగ్గా నట్టనడుమ వున్న మెట్టు. నూటికి ఎంతమందో చెప్పలేనుగాని, నేనెరిగినవాళ్ళలో సంగీతం వదిలేసినవాళ్ళంతా ఈ మెట్టు మీదే వదిలేశారు.

ఎందుకు వదిలేస్తారో ఇప్పుడు నాకు తెలుసు. గీతంలో స్వరాలు బడిలో ప్రార్థనకి నిలబడ్డ పిల్లల్లా దేనికది తిన్నగా నిలబడతాయి. వర్ణంలో అవి వూగాలి, జారాలి, ఒకదాన్నొకటి ఆనుకోవాలి. వీణకి 24 మెట్లు. గీతానికి మెట్టు మీద వేలు పెట్టి మీటితే చాలు. వర్ణానికి వచ్చేసరికి అదే మెట్టు మీద తంతిని పక్కకి లాగి పై స్వరాన్ని పుట్టించాలి. ఎంత లాగాలో కొలబద్ద వుండదు, చెవే చెప్పాలి. దీన్ని ఒక కాలంలో వాయించి, మళ్ళీ రెట్టింపు కాలంలో వాయించాలి.

ఇంట్లో నేను కుస్తీ పడుతున్నది "విరిబోణి"తో. భైరవి రాగం, అట తాళం. 18వ శతాబ్దంలో పచ్చిమిరియం ఆదియప్పయ్యగారు చేసిన వర్ణం. తాళం 14 అక్షరాలు. ఆ రాగంలో ధైవతం ఎక్కేటప్పుడు ఒకటి, దిగేటప్పుడు ఇంకొకటి. ఈ తేడా పుస్తకంలో చదివి మొదటి రోజే అప్పగించాను. చెవికి తెలియటానికి మూడు నెలలు పట్టింది. చేతికి ఇంకా పూర్తిగా తెలియలేదు. అంటే ఏమైందన్న మాట? మూడు నెలల కిందట అపస్వరం వాయిస్తూ ఆనందంగా వున్నాను. ఇప్పుడు అదే అపస్వరం వాయిస్తూ కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నాను. చెవి ముందు నడిచిపోయింది, చెయ్యి వెనకపడింది.

ఒకరోజు వుండబట్టలేక మా మేష్టారితో అన్నాను, "రోజు రోజుకీ పాడైపోతోందండీ నా వాయింపు" అని. ఆయన తాపీగా "పాడవటం లేదమ్మా. ఇప్పుడు వినపడుతోంది" అన్నారు.

ఈ ఒక్క ముక్క చాలామందికి ఎవరూ చెప్పరు. నడిమధ్యలో వున్నవాడికి తన తప్పు తనకి తెలుస్తుంది. మొదట్లో వున్నవాడికి తెలియదు గనక సుఖంగా వుంటాడు. ఆ తెలియటం మొదలైన రోజునే "నా వల్ల కాదు" అని వీణ గోడకి జేరవేస్తే, విద్య సరిగ్గా గుమ్మంలోకి వచ్చినప్పుడు తలుపేసుకున్నట్టే గదా?

ఇది సంగీతానికే అనుకునేరు. తంతి అంటే మన తెలుగులో వీణ తంతీ అదే, టెలిగ్రామూ అదే. మా పెదనాన్నగారు ఆ రెండో తంతి మనిషి. 1960ల్లో తంతి ఆఫీసులో చేరారు. కట్ట కడకట్ట అని వచ్చే ఆ చప్పుళ్ళు విని తెల్లకాయితం మీద అక్షరాలు రాయాలి. మొదట చుక్కా గీతా లెక్కపెట్టుకునేవారట. తరవాత అక్షరం అక్షరంగా వినిపించేదట. అక్కడ ఆగిపోయింది. నెలల తరబడి అదే వేగం. పైఆఫీసరు చీవాట్లు పెట్టినా, ఇంటికొచ్చి పళ్ళెం మీద చెమ్చాతో కొట్టుకుని సాధన చేసినా అంగుళం కదల్లేదు. రాజీనామా కాయితం రాసి జేబులో పెట్టుకుని తిరిగారట. ఆ కాయితం జేబులో వుండగానే ఒకనాడు అక్షరాలు పోయి మాటలు వినపడటం మొదలయ్యాయి. "ఎలా వచ్చిందో నాకు తెలీదే, నిన్న లేదు, ఇవాళ వుంది" అనేవారు. కొన్నాళ్ళకి అవతల కొట్టేదెవరో కూడా చెయ్యి వాటం బట్టి పోల్చుకునేవారు.

నేను బి.ఏ. చదివినదాన్ని, సైన్సు నా సొత్తు కాదు. అయినా పెదనాన్నగారి మాట పట్టుకుని వెదికితే ఒక సంగతి దొరికింది. అమెరికాలో ఇండియానా విశ్వవిద్యాలయానికి చెందిన బ్రయన్, హార్టర్ అనే ఇద్దరు 1897లోనూ 1899లోనూ తంతి పని నేర్చుకునేవాళ్ళ మీద చేసిన పరిశోధనలు అచ్చువేశారు. పంపటంలో నేర్పు క్రమంగా పెరుగుతూ పోయిందట. వినటంలో మాత్రం కొంతదూరం పెరిగి, అక్కడ వారాల తరబడి బల్లపరుపుగా ఆగిపోయి, మళ్ళీ లేచిందట. ఆ ఆగినట్టు కనబడిన రోజుల్లో, అక్షరాలు వినటం అలవాటైపోయి మాటలు వినటానికి చోటు ఖాళీ అవుతోందని వాళ్ళు అర్థం చెప్పారు. అన్ని విద్యల్లోనూ ఇలాగే జరగదని తరవాతివాళ్ళు వాదించారు. వాదించుకోనివ్వండి. మా పెదనాన్నగారి జేబులోని కాయితం నాకు చాలు. మన దేశంలో టెలిగ్రామునే 2013 జూలైలో మూసేశారు. ఆ కాయితం మాత్రం ఆయన చివరిదాకా దాచుకున్నారు.

సరే, పెదనాన్నగారు గట్టెక్కారు. ఎందుకు గట్టెక్కారు? అది ఉద్యోగం గనక. మానేస్తే జీతం రాదు గనక. మానుకునే వీలున్న విద్యలన్నిటిలోనూ మధ్యలో మానిపించబడ్డవాళ్ళెవరో మీరే మీ ఇళ్ళలో లెక్క చూసుకోండి. నూటికి తొంభైపాళ్ళు ఆడవాళ్ళని నా నమ్మకం.

మా అమ్మ పుట్టిల్లు విజయనగరం. 1919లో మహారాజావారు సంగీత కళాశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసుగారిని మొదటి ప్రిన్సిపాలుగా కూచోబెట్టిన వూరు. అమ్మ ఏడేళ్ళు వీణ నేర్చుకుంది. ఇంటికొచ్చి చెప్పేవారు మేష్టారు. అమ్మ కూడా ఈ "విరిబోణి" దగ్గరికే వచ్చింది. అప్పుడు సంబంధాలు చూడటం మొదలుపెట్టారు. మా తాతగారు మేష్టారిని పిలిచి, "ఈ వర్ణాలెందుకండీ, పెళ్ళివారికి అర్థం కావు. రెండు కీర్తనలు చెప్పెయ్యండి, చాలు" అన్నారట. ఆ వర్ణం అక్కడ ఆపి, రెండు కీర్తనలు పాఠం వల్లించినట్టు వల్లింపజేశారు. పెళ్ళిచూపుల్లో అవే వాయించింది. "అమ్మాయికి సంగీతం వచ్చు" అన్నారు మగపెళ్ళివారు. 1977లో పెళ్ళయింది. వీణ సారెతోపాటు అత్తారింటికి వచ్చి, పాత దుప్పటి చుట్టుకుని అటకెక్కింది. మధ్యాహ్నం వాయిస్తే మావగారికి నిద్రాభంగం, రాత్రి వాయిస్తే పిల్లలకి నిద్రాభంగం.

నా చిన్నప్పుడు ఎవరైనా "మీకు వీణ వచ్చా?" అంటే అమ్మ నవ్వి "రాదండీ" అనేది. ఏడేళ్ళు నేర్చుకున్న మనిషి! ఒక్కసారి కూడా "కొంత వచ్చు" అనలేదు. అమ్మ తప్పేం లేదు. మన భాషలో విద్యకి రెండే మాటలున్నాయి, వచ్చు, రాదు. వాన వస్తోంది అంటాం. బస్సు వస్తోంది అంటాం. నిద్ర వస్తోంది అంటాం. వీణ వస్తోంది అని ఎవరైనా అనగా విన్నారా?

నా దగ్గరికి వచ్చేసరికి పెళ్ళిచూపుల బదులు ఇంటర్మీడియట్ పరీక్షలయ్యాయి. "సంగీతమెక్కడికి పోతుంది, పరీక్షలయ్యాక చూద్దాం" అన్నారు. సంగీతం ఎక్కడికీ పోలేదు, అటక మీదే వుంది. నేనే పాతికేళ్ళు ఎక్కడికో పోయాను. కిందకి దింపేసరికి మైనం ఎండి పెళుసెక్కింది, మెట్లు కదిలిపోయాయి. మళ్ళీ కట్టించి మొదలుపెట్టాను. కాలం మారిందంటారు. తాతగారు పెళ్ళివారి కోసం వర్ణం ఆపించారు. ఇప్పటి తల్లిదండ్రులు "ఈ నెల ఎన్ని పాటలయ్యాయి?" అని ఫోనులో అడిగి ఆపిస్తున్నారు. అమెరికాలో వున్న తెలుగుపిల్లలకి తెల్లవారుజామున లేచి కంప్యూటరు ముందు కూచుని పాఠం చెబుతారు మా మేష్టారు. అక్కణ్ణించీ అదే ప్రశ్నట. పాటలు లెక్కపెట్టటం సులువు. చెవి ఎంత పెరిగిందో లెక్కపెట్టటానికి ఏ తల్లి దగ్గరా తక్కెడ లేదు.

ఇక్కడ పెద్దలు నన్ను ఆపుతారని తెలుసు. "ఏమమ్మా, మిడిమిడి జ్ఞానం మంచిదంటావా? సగం వైద్యం ప్రాణాల మీదికి తేదా?" అంటారు. భర్తృహరిని సాక్షికి పిలుస్తారు. ఏమీ తెలియనివాణ్ణి మెప్పించటం సులభం, బాగా తెలిసినవాణ్ణి మెప్పించటం మరీ సులభం, కొంచెం తెలిసి విర్రవీగేవాణ్ణి మెప్పించటం బ్రహ్మ తరం కాదన్నాడు గదా ఆయన. మన ఏనుగు లక్ష్మణకవి చేసిన తెలుగు పద్యాల్లో మనమంతా చిన్నప్పుడు భర్తృహరిని చదువుకున్నవాళ్ళమే.

సగం వైద్యుడి సంగతి ఒప్పుకుంటున్నాను. నాడి చూడటం సగం వచ్చినవాడు పూర్తి ఫీజు తీసుకుంటే పోలీసులకి పట్టివ్వవలసిందే. నా వీణ వల్ల ఇంతవరకూ ఎవరి ప్రాణమూ పోలేదు. పై అంతస్తువారు తలుపు వేసుకున్నారు, అంతే. ఇక భర్తృహరి సంగతి. ఆయన తిట్టింది కొంచెం తెలిసినవాణ్ణి కాదు, కొంచెం తెలిసి అంతా తెలుసుననుకునేవాణ్ణి. ఆ తేడా చూడకుండా శతాబ్దాలుగా ఆయన కర్ర తీసుకుని నాలాంటివాళ్ళ వీపు మీద వేస్తున్నారు. అదే పుస్తకంలో ఆయనదే ఇంకో శ్లోకం వుంది. కొంచెం తెలిసినప్పుడు మదించిన ఏనుగులా కళ్ళు కనపడక అంతా నాకే తెలుసుననుకున్నాను, తెలిసినవాళ్ళ దగ్గర కొంచెం కొంచెంగా నేర్చుకున్నాక నేను మూర్ఖుణ్ణని తెలిసి, ఆ మదం జ్వరం దిగినట్టు దిగిపోయింది, అంటాడు. గమనించారా? ఆ జ్వరానికి మందు పూర్ణజ్ఞానమని చెప్పలేదు మహానుభావుడు. కొంచెం కొంచెంగా ఇంకాస్త, అన్నాడు. అంటే నడిమధ్యన కూచుని రోజూ తన తప్పు తను వినేవాడు ఆ జ్వరం దిగినవాడే. జ్వరం వున్నవాడు పది రోజుల్లో వీణ నేర్చుకున్నవాడు!

ఇంకొక సాక్షిని నేనే పిలుస్తాను. మీరు సంగీత కచేరీకి వెళ్ళినప్పుడు విద్వాంసులు మొట్టమొదట ఏం పాడతారో గుర్తుందా? వర్ణం! కచేరీకి ఇప్పుడు మనమెరిగిన వరస దిద్దిన ఘనత అరియకుడి రామానుజయ్యంగారిది (1890–1967) అంటారు. ఆ వరసలో ముందు వర్ణమే కూచుంది. మా పిన్ని ఇంట్లో శనగలు పంచటానికి పనికొచ్చిన ఆ వర్ణమే. జీవితమంతా పాడిన మహావిద్వాంసుడు కూడా గొంతుని దారిలో పెట్టుకోవటానికి ఆ నడిమెట్టు మీదికే వస్తాడు. ఆయన దాన్ని దాటిపోలేదు, వెంటబెట్టుకుపోయాడు. ఇక "ఇంకా వర్ణాలేనా?" అన్న ప్రశ్నకి అర్థమేముంది?

ఆ సభలో ముందు నాలుగు వరసల్లో ఎవరుంటారో కూడా చూడండి. తొడ మీద తాళం వేసుకుంటూ, సరైన చోట "ఆహా" అనేవాళ్ళెవరు? విద్వాంసులా? వాళ్ళకి వాళ్ళ కచేరీలున్నాయి. సరళీస్వరాల పిల్లలా? వాళ్ళు నిద్రపోతుంటారు. ఎన్నడో గీతాల దగ్గరో వర్ణాల దగ్గరో ఆగిపోయిన అమ్మలూ, బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన నాన్నలూ. ధైవతం దిగేటప్పుడు మారిందని తెలిసి ఒళ్ళు పులకరించేది వాళ్ళకే. ఆ సగం కుండలన్నీ లేచి ఇంటికి పోతే ఆ నిండుకుండ ఖాళీ కుర్చీలకి పాడుకోవలసిందే.

కనక నేనడిగేది ఎక్కువ లేదు. ఇళ్ళల్లో పెద్దలకి ఒకటి. పిల్ల మొదలుపెట్టినప్పుడు కొనిపెట్టే చాక్లెట్టు, మూడో ఏడు విసుక్కునే రోజుకి అట్టేపెట్టండి. అప్పుడే దానికి కావాలి. "మానేస్తానమ్మా, నాకు రావటం లేదు" అన్న రోజున మేష్టారినడగండి, రావటం లేదా, వినపడటం మొదలయిందా అని. నిజంగా ఇష్టం లేకపోతే మానిపించండి, బలవంతం చెయ్యమని నేననను. కానీ పరీక్షలున్నాయనీ, పెళ్ళివారికి ఇది చాలుననీ మీరు మానిపించకండి.

మేష్టార్లకి ఒకటి. కృతుల లెక్క కోసం వర్ణాన్ని తొక్కుకుంటూ పోకండి. తల్లిదండ్రులు లెక్కలడిగితే, నెల జీతం పోతుందన్న భయం వున్నా, "ఈ నెల పాట కాలేదండీ, చెవి అయింది" అని చెప్పండి. ఒకరు చెబితే పదిమంది చెబుతారు.

నాలాంటివాళ్ళకి ఒకటి. సిగ్గుపడటం మానేద్దాం. నవల రాసేటప్పుడు నాకు మొదటి అధ్యాయం ఉత్సాహంగా వుంటుంది, చివరి అధ్యాయం దానంతటదే పరిగెడుతుంది. మధ్యలో పన్నెండు అధ్యాయాలు మాత్రం ఎద్దుబండిని బురదలోంచి తోసినట్టు తొయ్యాలి. పాఠకులు ప్రేమించే మనుషులు ఆ పన్నెండు అధ్యాయాల్లోనే తయారవుతారు. అది తెలిసి కూడా వీణ దగ్గరికి వచ్చేసరికి తల దించుకున్నాను. ఇక దించుకోను.

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. కిందటి నెల అమ్మ మా ఇంటికి వచ్చింది. అరవై ఎనిమిదేళ్ళు. మధ్యాహ్నం వంటింట్లో కూచుని చిక్కుడుకాయలు బాగుచేస్తోంది. నేను హాల్లో "విరిబోణి" వాయించుకుంటున్నాను. చరణంలో ఒకచోట వంటింట్లోంచి వినపడింది, "దిగేటప్పుడు ధైవతం అంత పైన పెట్టకే. ఇంకాస్త కిందకి." చెప్పినట్టు చేశాను. సరిగ్గా కూచుంది. నేను లేచివెళ్ళి చూస్తే తల వంచుకుని చిక్కుడుకాయలు తుంచుకుంటోంది. ఆ వర్ణం ఆపించి యాభై ఏళ్ళు కావస్తోంది. వీణ మెట్లు కదిలిపోయాయిగాని ఆవిడ చెవిలో మెట్టు ఒక్కటీ కదల్లేదు. "రాదన్నావు గదమ్మా!" అన్నాను. మాట్లాడలేదు. కాసేపటికి చేతులు కడుక్కుని వచ్చి నా పక్కన కూచుని, "ఏదీ, మళ్ళీ ఓసారి" అంది.

మళ్ళీ దసరా దగ్గరపడుతోంది. మొన్న మా పిన్ని ఫోను చేసింది. "ఏమే, ఈసారన్నా పాటల్లోకి వచ్చావా? వీణ వచ్చేసిందా?" అంది.

"వస్తోంది పిన్నీ" అన్నాను. "మా అమ్మని కూడా పట్టుకొస్తాను. శనగలు మాత్రం ముందే పంచెయ్యి."